మిలిటరీ జీపాయన

మదనపల్లెలో ఒకాయన, పుంగనూరులో ఒకాయన, కుప్పంలో ఒకాయన ఉంటాడు. పేర్లు వేరు, సంపాదన వేరు, రాజకీయం వేరు. మనిషి మాత్రం ఒకడే. వాకిట్లో వేపచెట్టు కింద పాత మిలిటరీ జీపు, దాని ముందు చక్రాల మధ్య నుంచి బయటికొచ్చిన రెండు కాళ్ళు. కాళ్ళు కదులుతుంటే ఆలోచిస్తున్నాడని, కదలకుంటే కునుకు తీస్తున్నాడని ఇంట్లోవాళ్ళకు లెక్క. దాన్నిబట్టే కాఫీ కలుపుతారు.

ఆ దారిన పోతూ "బండి బాగుందన్నా" అన్నారో, చచ్చినారే. అమెరికాలో విల్లీస్ వాళ్ళూ ఫోర్డ్ వాళ్ళూ కలిసి 1941 నుంచి 1945 లోపల ఆరు లక్షలకు పైగా జీపులు చేసిన కాడి నుంచి మొదలుపెడతాడు. బర్మా యుద్ధం మీదుగా, డిస్పోజల్ వేలం మీదుగా కథ ఆయన వాకిట్లోకి వచ్చేసరికి మీ బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. అంతటితో వదలడు. ముందు గ్రిల్లులో నిలువు సందులు లెక్కపెట్టమంటాడు. తొమ్మిదుంటే యుద్ధం జీపు, ఏడుంటే ఆ తర్వాత జనం కోసం చేసిన రకం. మన మహీంద్రా వాళ్ళు బొంబాయిలో బిగించినవి ఆ రెండో రకమే. పుంగనూరాయన బండికి ఏడే. అదేమంటే, "రెండు సందులు టింకరింగులో పోయినాయబ్బా" అంటాడు. ఆ ఊరి ఆవు పొట్టిదే, ఈయన జీపూ పొట్టిదే. తేడా ఏమంటే ఆవు పూటకింత పాలిస్తుంది, జీపు తాగుతుంది.

ఇంతకీ దాని జబ్బు వాబ్లింగు. ముల్లు అరవై దాటేసరికి, దారిలో ఒక్క గుంత తగిలితే చాలు, ముందు చక్రాలు రెండూ కుడీ ఎడమా కొట్టుకోవడం మొదలుపెడతాయి. స్టీరింగు చేతుల్లో గిలగిలలాడుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళు ఏనుగు మల్లమ్మకు మొక్కుకుంటారు. హార్స్‌లీ హిల్స్‌కు దొరగారి పేరు రాకముందు ఆ కొండ ఆమెదే కదా. జీపాయన మొహం మాత్రం వెలిగిపోతుంది. "వచ్చె... వచ్చె... ఇదిగో, ఇదే నేను చెప్పింది! వింటాండారా?" అని వెనక్కి తిరిగి అడుగుతాడు. ముందుకు చూడు సామీ అని వాళ్ళ మొర.

జబ్బు ఒకటే గానీ ముగ్గురి వైద్యాలు మూడు. మదనపల్లాయన టైర్లు మార్చి, కమాను కట్టలు విప్పించి బిగించి, చివరికి యాక్సిల్ హౌసింగే వంగిందని తేల్చి దాన్ని ఆటోలో వేసుకుని ఊరంతా తిప్పినాడు. పుంగనూరాయన విప్పనే విప్పడు, చెవితో చూస్తాడు. మలుపులో టిక్కుటిక్కుమంటే లోపలి జాయింటులో గుండ్లు అరిగినట్టని, బుస్సుమంటే హబ్బు బేరింగని చెప్పేస్తాడు. మాట తప్పు కాదు, బండి ఊగుడు మాత్రం మానదు, అంతే.

కుప్పమాయనకు రైలుంది. పొద్దున్నే ఎక్కి బెంగళూరులో దిగితే జేసీ రోడ్డు, అక్కడ దొరక్కపోతే శివాజీనగర్ పాతసామాన్ల సందులు. చక్రం కుడీ ఎడమా మళ్ళే కింగ్ పిన్నుల బేరింగులు తెచ్చి, వాటి కప్పుల్ని ఫ్రీజర్లో పెడతాడు. ఇనుము చల్లబడితే రవ్వంత కుదించుకుని, హౌసింగు చివరున్న గూట్లోకి దెబ్బలు లేకుండా దిగుతుంది. శాస్త్రం సరైనదే. ఐస్‌క్రీమ్ కోసం ఫ్రీజర్ తెరిచిన మనవరాలికి మాత్రం గ్రీజు పూసిన గిన్నెలు దొరుకుతాయి.

ఈ మూడు ఇళ్ళకూ చివరాఖరికి వచ్చేది భాయ్. ప్రతి ఊళ్ళోనూ ఒక భాయ్ ఉంటాడు, మాట తక్కువ. జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపుతాడు. లొటలొటమంటుంది. "సార్, బ్రేకు తొక్కి పట్టుకోండి." మళ్ళీ ఊపుతాడు. బ్రేకు తొక్కితే డ్రమ్ము చక్రం వెనకున్న నకిలును పట్టేస్తుంది కాబట్టి, ఆ ఊపు పోయిందా, తప్పు హబ్బు బేరింగుది. ఇంకా ఉందా, కింగ్ పిన్నుది. కింగ్ పిన్నుదైతే మూత కింది షిమ్ములు సన్నవి తీసి, కిందా మీదా సమానంగా సర్దితే బిగువొస్తుంది. ఆ తర్వాత చక్రాన్ని కుడీ ఎడమా పట్టి ఊపుతాడు. అది టై రాడ్డుల పరీక్ష. మన జీపాయన ఇన్నాళ్ళూ విప్పి చూసిన దాంట్లో సగం, భాయ్ నిలబడి చూసేస్తాడు.

ఆపైన స్టీరింగును ఒకరి చేత అటూఇటూ తిప్పించి, తాను నేల మీద కూర్చుని ముందు చక్రాల నడుమకు చూస్తాడు. అక్కడుంటుంది బెల్ క్రాంకు. ఈ జీపుల్లో చక్రం నుంచి చక్రానికి ఒకే రాడ్డుండదు. రెండు పొట్టి టై రాడ్డులు మధ్యనున్న ఈ తిరుగుడు ముక్కకు తగులుకుని ఉంటాయి. దాని ఇరుసు అరిగిందంటే రెండు చక్రాలకూ పగ్గం వదిలినట్టే. భాయ్ దాన్ని వేలితో కదిపితే తలూపుతుంది. "ఇదే సార్." లేతు మీద గన్ మెటల్ బుష్ కోయించి, ఇరుసు కొత్తది వేసి, గ్రీజు కొట్టి, సాయంత్రానికి బండి చేతికిస్తాడు. బైపాసు మీద డెబ్బై పోయినా వాబ్లింగు జాడ లేదు.

ఊరికి శాంతి వచ్చింది గానీ జీపాయనకు రాలేదు. రెండు రోజులు బండి నడిపి మూడోనాడు భాయ్ షెడ్డు ముందు ఆపినాడు.

"భాయ్, బెల్ క్రాంకులో ఫ్యాక్టరీ వాడు వేసింది బుష్ కాదంట, నీడిల్ రోలర్ బేరింగంట. మనం వేసింది ఒరిజినల్ కాదు."

"బాగా పోతాంది కదా సార్."

"పోయేది కాదబ్బా ముఖ్యం. ఫోర్డ్ వాడు బోల్టు తల మీద కూడా ఎఫ్ అని కొట్టినాడు. రేపు తెలిసినోడెవడన్నా కింద దూరి చూస్తే నా పరువేం గాను? విప్పెయ్. అమెరికా నుంచి ఒరిజినల్ వచ్చేదాకా పాతదే ఉండనీ."

భాయ్ బీడీ ఆర్పి, పానా తీసుకుని కిందికి దూరినాడు. లోపల్నుంచి మాట వచ్చింది: "నిజమే సార్. ఆ ఊగుడు మాత్రం ఒరిజినలే."