తిరిగొస్తానని రుజువేంటమ్మా?

అమెరికా వలస చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. దాని లెక్కలో విజిటర్ వీసాకు వచ్చినవాళ్లంతా అక్కడే తిష్ఠ వేసే బాపతే. కాదని నిరూపించుకోవడం వాళ్ల ఖర్మ. కోర్టుబోనులో దొంగకైనా నేరం రుజువయ్యేదాకా నిర్దోషి అనే మర్యాద ఉంది. కూతురి పురుటికి వెళ్లే తల్లికి అదీ లేదు.

ముందు డీఎస్-160 ఫారం. డల్లాస్ నుంచి అల్లుడు ఫోన్లో చదువుతుంటాడు. ఉగ్రవాద కార్యకలాపాలు చేసే ఉద్దేశం ఉందా? జాతి హననంలో పాల్గొన్నారా? "ఏమంటున్నాడు బాబూ?" అని ఈవిడ. "ఏం లేదత్తయ్యా, నో కొట్టేశాను." వ్యభిచారం ప్రశ్న కూడా ఉంటుంది. అక్కడికొచ్చేసరికి అల్లుడికి సిగ్నల్ పోతుంది.

తర్వాత మావగారి ఫైలు. పట్టాదారు పాస్‌బుక్కు, ఇంటి పన్ను రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అన్నిటిమీదా ఆడిటరుగారి ఆస్తి విలువ సర్టిఫికెట్. ఇన్‌కమ్‌ట్యాక్స్ రిటర్నులో ఈయన పాపం నిరుపేద. ఈ సర్టిఫికెట్‌లో కోటీశ్వరుడు. రెండూ తయారుచేసిన ఆడిటరు ఒక్కరే. ఇంతా చేసి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ కిటికీ దగ్గర ఆఫీసరు ఆ ఫైలు అడగనే అడగడు. రెండు నిమిషాలు మాట్లాడతాడు, అవునో కాదో తేల్చేస్తాడు.

ఆ రెండు నిమిషాలకే ఇంట్లో రోజూ రిహార్సల్. "ఎందుకు వెళ్తున్నారు?" అంటే ఉన్నమాట చెప్పకూడదట. బాలింతకు పథ్యం వండిపెడతాను, పసిబిడ్డకు స్నానం పోస్తాను అంటే, జీతంలేని ఆయా ఉద్యోగానికి వస్తోందని అనుకుంటారని కన్సల్టెన్సీవాడి ఉవాచ. అందుకని బెజవాడ దాటి ఎరగని ఇల్లాలు "నయాగరా చూడ్డానికండీ" అని ఒప్పజెబుతుంది. సూట్‌కేసులో ఉన్నవి వెల్లుల్లి కారం, వాము, పసివాడికి పాత చీరల పొత్తిగుడ్డలు. జలపాతానికి కావలసిన సామాను మరి!

ఫీజు 185 డాలర్లు. వీసా వచ్చినా రాకపోయినా తిరిగి ఇవ్వరు. వీసా మొక్కులు అందుకునే చిలుకూరు బాలాజీ ఈ విషయంలో చాలా నయం. గుళ్లో హుండీయే లేదు. ముందు 11 ప్రదక్షిణలు, పని జరిగితేనే 108.

అసలు తమాషా వీసా వచ్చాకే. దిగేటప్పుడు సాధారణంగా ఆరు నెలలు ఉండటానికి అనుమతిస్తారు. మూడో నెల తిరక్కుండానే మావగారు రిటర్న్ టికెట్టు ముందుకు జరపమని అల్లుడి వెంటపడతారు. వీధిలో మనిషి కనపడడు. కారు లేనిదే కరివేపాకు రాదు. పొద్దున పిల్లలు ఆఫీసుకు పోతే సాయంత్రందాకా మాట్లాడే దిక్కులేదు. కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇంటికి వెళ్లి అడగండి, ఇదే కథ చెబుతారు. అక్కడ పాతుకుపోయేది పాతికేళ్ల పిల్లలు. తిరిగొస్తామని ప్రమాణాలు చేయాల్సింది మాత్రం అరవై దాటిన అమ్మానాన్నలు!

కాబట్టి ఆఫీసరు దొరగారికి ఒక మనవి. మీలో కొందరు తెలుగు బాగానే మాట్లాడుతున్నారు, సంతోషం. ఆ తెలుగులోనే పొలాలూ పాస్‌బుక్కులూ వదిలేసి, "అక్కడ ఎన్నాళ్లు ఉండగలవమ్మా?" అని అడిగి చూడండి. ఎంత కోచింగ్ తీసుకున్న తల్లయినా దానికి మాత్రం నిజమే చెబుతుంది.