పంచభూతాల సాయంతో పని ఎగ్గొట్టడం ఎలా?

పని తప్పించుకోవాలంటే కడుపునొప్పి అనో తలనొప్పి అనో చెప్పే రోజులు పోయాయి. నొప్పికి మాత్ర ఉంది. మాత్ర వేసుకుంటే గంటలో తగ్గాలి, తగ్గాక లేచి పని చెయ్యాలి. అదే "నా ప్రకృతి ఇంతే" అని చెప్పి చూడండి. ప్రకృతికి ఏ కొట్లోనూ మాత్ర దొరకదు. తల్లి కడుపులో పడ్డ క్షణానే వాత పిత్త కఫాల పాళ్ళు కుదిరిపోతాయని, అలా కుదిరిన ప్రకృతి చచ్చేదాకా మారదని ఆయుర్వేదం చెబుతోంది. బద్ధకస్తుడికి ఇంత గట్టి పూచీకత్తు ఇంకెవరిచ్చారు?

కలకత్తా భవానీపూర్‌లో, జోదుబాబు బజారుకి నాలుగడుగుల దూరంలో, మూడో అంతస్తులో అద్దెకుంటూ పదకొండేళ్ళుగా నేను ఈ పూచీ మీదే బతుకుతున్నాను. ఈ ఊళ్ళో మన తెలుగువాళ్ళు పొద్దున్నే లేచి, లేక్ మార్కెట్‌కి పోయి కరివేపాకు తెచ్చి, ఆఫీసుకి వేళకి చేరి, ఒళ్ళు హూనం చేసుకోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. వాళ్ళ కోసమే ఈ చిట్కాలు.

1. శాస్త్రం అయిదు నిమిషాలు నేర్చుకోండి. ఆరో నిమిషం వద్దు.

ఆకాశం, వాయువు, అగ్ని, నీరు, భూమి. ఆకాశమూ వాయువూ కలిస్తే వాతం. అగ్ని ముఖ్యంగా ఉండి కాస్త నీరు తోడైతే పిత్తం. నీరూ భూమీ కలిస్తే కఫం, మన ఇళ్ళలో శ్లేష్మం అంటారు. కదిలించేది వాతం, అరిగించేది పిత్తం, కూడగట్టి నిలబెట్టేది కఫం. ప్రకృతులు ఏడని సుశ్రుతుడి లెక్క: ఒక్కో దోషం పైచేయిగా మూడు, రెండేసి కలిసి మూడు, అన్నీ సమంగా ఉండేది ఒకటి. ఆ ఏడోది మీదని పొరపాటున కూడా ఒప్పుకోకండి. మీలో అన్నీ సమంగా ఉన్నాయని తెలిసిన మరుక్షణం గ్యాస్ బండ మార్చమంటారు.

పుస్తకం మూసెయ్యండి. ఇంకో పేజీ తిప్పితే ఏ దోషానికి ఏం తినకూడదో రాసి ఉంటుంది.

2. ప్రకృతిని ఒంట్లో వెతక్కండి. ఎదురుగా ఉన్న పనిని చూసి ఎంచుకోండి.

చరక సంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయంలో మూడు ప్రకృతుల లక్షణాలూ వరసగా ఉన్నాయి. నేను దాన్ని కొట్టువాడి ధరల పట్టీలా వాడతాను. వాతం వాడు సన్నగా ఉంటాడు, ఒళ్ళు గరుకు, వసపిట్టలా వాగుతాడు, చలికి ఓర్వలేడు, ఇట్టే గ్రహిస్తాడు, ఇట్టే మరిచిపోతాడు. పిత్తం వాడికి ఎండ పడదు, ఆకలిదప్పులు ఎక్కువ, జుట్టు తొందరగా నెరుస్తుంది. కఫం వాడు మెల్లగా కదులుతాడు, ఏ పనీ తొందరపడి మొదలుపెట్టడు.

ఇప్పుడు వాడుక చూడండి. పెళ్ళిరోజు మరిచిపోయారా? వాతం. మే నెల మధ్యాహ్నం బ్యాంకుకి పొమ్మన్నారా? పిత్తం. అటకమీది సామాను దింపమన్నారా? కఫం, తొందరపడకూడదు.

దుర్గాపూజ ముందు పాడా కుర్రాళ్ళు, అంటే పేట కుర్రాళ్ళు, చందాల రసీదు పుస్తకంతో వస్తారు, అప్పుడు మాత్రం జాగ్రత్త. కఫం అన్నారో కొంప మునిగినట్టే, ఎందుకో మూడో చిట్కాలో చెబుతాను. "బాబూ, నాది వాతం" అని దీనంగా చెప్పండి. వాత ప్రకృతివాడికి బలం తక్కువ, ఆయుష్షు తక్కువ, సంతానం తక్కువ, ధనమూ తక్కువేనని చరకుడు తేల్చేశాడు. రెండు వేల ఏళ్ళనాటి గ్రంథమే మిమ్మల్ని అల్పధనుడన్నాక ఇరవై ఏళ్ళ కుర్రాడు కాదనగలడా? మొదటి ఏడు నన్నలాగే వదిలేశారు. రెండో ఏడు మా మెట్లమీద దీపాల తీగ వెయ్యలేదు. చీకట్లో ఎవరూ మేడెక్కి రారు, ఇంకేం కావాలి!

3. దీర్ఘకాలిక పెట్టుబడి అంతా కఫం మీదే పెట్టండి.

కఫ ప్రకృతివాళ్ళు బలవంతులు, ధనవంతులు, విద్యావంతులు, శాంతులు, దీర్ఘాయువులని అదే అధ్యాయంలో ఉంది. వాళ్ళ నడక మందం, పనులు మందం. చాలామంది దీన్ని చదివి ఊరుకుంటారు. నేను అసలు సంగతి పట్టుకున్నాను: ముందు మందంగా తయారైతే ధనమూ విద్యా వాటంతట అవే వెతుక్కుంటూ వస్తాయి. పదకొండేళ్ళు నిష్ఠగా మందంగా ఉన్నాను. పద్ధెనిమిది కిలోలు వచ్చాయి. మిగతావి దారిలో ఉన్నాయి.

4. గడియారాన్ని మూడు దోషాలకీ పంచేసి, మీ వాటా ఏమీ లేదని చూపించండి.

పగటిని మూడు భాగాలు చేస్తే పొద్దుటి భాగం కఫానిది, మధ్యాహ్నం పిత్తానిది, సాయంత్రం వాతానిది. రాత్రీ అంతే. దీన్ని గోడకి అతికించండి. పొద్దున కఫ కాలం, ఒళ్ళు బరువు, లేవకూడదు. మధ్యాహ్నం పిత్త కాలం, జఠరాగ్ని మండుతుంది, తినాలి. సాయంత్రం వాత కాలం, మనసు నిలకడగా ఉండదు, లెక్కలూ ఫైళ్ళూ ముట్టుకోకూడదు. తొలి రాత్రి మళ్ళీ కఫం, పడుకోవాలి. నడిరాత్రి పిత్తం, ఫ్రిజ్ తెరవాలి. తెల్లవారుజామున వాతం, నిద్రపట్టదు, దొర్లాలి. ఈ పట్టీలో పని చెయ్యడానికి ఒక్క గడియ చూపించమని మీ బొడోబాబుని, అంటే ఆఫీసు పెద్దని, అడగండి. మా బొడోబాబు చూపించలేక తలవంచుకున్నాడు. ఆ తర్వాత నా ఫైళ్ళన్నీ నిరుడు చేరిన ఓ కుర్రాడికిచ్చి, ప్రమోషన్ కూడా వాడి నెత్తినే రుద్దాడు పాపం.

5. తెల్లవారుజామున లేవమని ఎవరైనా అంటే వాగ్భటుణ్ణి అడ్డం పెట్టండి.

బ్రాహ్మీ ముహూర్తంలో లేవాలని ఆయన అష్టాంగ హృదయం చెప్పిన మాట నిజమే. కానీ ఎవరు లేవాలంది? స్వస్థుడు, అంటే ఆరోగ్యవంతుడు. ఆ ఒక్క మాటలో తలుపు బార్లా తెరిచి ఉంది. ఆరోగ్యం కాస్త చెడగొట్టుకోండి, జీవితాంతం ఎనిమిది దాకా పడుకోవచ్చు. అందుకు కావలసిన తిండి ఏడో చిట్కాలో ఉంది.

6. భాత్‌ఘూమ్‌ని ధర్మంగా పాటించండి.

అన్నం తిన్నాక వచ్చే కునుక్కి బెంగాలీలో ప్రత్యేకంగా ఒక మాటే ఉంది, భాత్‌ఘూమ్. మన భాషలో ఇంత ముచ్చటైన మాట లేకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే ఉంటుంది. వేసవిలో తప్ప పగటి నిద్ర కూడదనీ, అది కఫ పిత్తాలను పెంచుతుందనీ, లావుపాటివాళ్ళూ కఫం వాళ్ళూ అసలే పడుకోకూడదనీ చరకుడు హెచ్చరించాడు. దిగులుపడకండి. పన్నెండు కొట్టగానే కఫం లోంచి వాతం లోకి మారిపోండి. పైగా ఆయనే మినహాయింపుల జాబితా ఇచ్చాడు: పాటలు పాడి అలసినవాళ్ళు, చదివి అలసినవాళ్ళు, మద్యం వల్ల, బరువులు మోసి, దారి నడిచి అలసినవాళ్ళు, అజీర్ణం చేసినవాళ్ళు, రాత్రి మేలుకున్నవాళ్ళు, కోపంతో శోకంతో భయంతో డస్సినవాళ్ళు. చిట్టచివర ఉన్నది నాకు ప్రాణం: పగటి నిద్ర అలవాటైనవాళ్ళు! ఒక నెల పాటు నియమం తప్పి పడుకోండి. అలవాటు కుదిరాక అదే నియమం అవుతుంది.

ఆఫీసులో అయితే భోజనం కాగానే ఒక కూనిరాగం తియ్యండి. పాడి అలసినవాడి కింద వస్తారు.

7. తిండి విషయంలో రెండు ప్రాంతాల శాస్త్రాన్నీ కలిపి పాటించండి.

భోజనం తీపితో మొదలుపెట్టమని సుశ్రుతుడు చెప్పాడు. బెంగాలీ భోజనం శుక్తో, వేప వంకాయ లాంటి చేదుతో మొదలై తీపితో ముగుస్తుంది. ఎవరినీ నొప్పించడం మనకు రాదు. సుశ్రుతుడి మాట కోసం మొదట ఒక సందేశ్ మిఠాయి, ఊరి ఆచారం కోసం చివర రెండు. మధ్యలో చేదు మానెయ్యండి, ఎంతైనా చేదు వాయువూ ఆకాశమూ కలిసిన రుచి, వాతం చేస్తుంది. తీపి అలా కాదు, భూమీ నీరూ. భవానీపూర్‌లో ఇందుకు లోటు లేదు. బలరామ్ మల్లిక్ వాళ్ళ కొట్టు 1885 నుంచి ఉంది. చలికాలం నొలేన్ గూర్ సందేశ్ వచ్చిందంటే ఖర్జూరపు బెల్లం వాసనకే సగం ఆకలి చచ్చిపోతుంది, మిగతా సగాన్ని తిని చంపాలి. అటు తిరిగితే గుజరాతీల ఫర్సాన్ కొట్లు, అంటే కారాల కొట్లు. ఉప్పు అంటే నీరూ అగ్నీ, కారం అంటే వాయువూ అగ్నీ. ఒక గాంఠియా పొట్లంతో మూడు భూతాలు లోపలికి పోతాయి.

రాత్రి పెరుగు తినొద్దని చరకుడు నిషేధించాడు. నెయ్యో పంచదారో లేకుండా పెరుగు ముట్టొద్దనీ ఆయనే అన్నాడు. బెంగాలీల తీపి పెరుగు మిష్టి దోయిలో పంచదార పుట్టుకతోనే ఉంది కాబట్టి రెండో షరతు తీరింది. మొదటిదానికి పన్నెండు దాటేదాకా ఆగండి. అప్పుడు తేదీ మారుతుంది, మరుసటి రోజు కింద లెక్క. చేపా పాలూ కలపకూడదన్న విరుద్ధాహారం గొడవ ఒకటుంది. దానికీ మందు అక్కడే ఉంది: ఒంటికి అలవాటైనవాడికి, అగ్ని బాగా ఉన్నవాడికి విరుద్ధం హాని చెయ్యదట. అలవాటు చెయ్యడం మన చేతిలో పని. వారానికి నాలుగుసార్లు ఇలీశ్ చేప ముక్క మీద పాయసం తాగండి.

ఎవరైనా గొణిగితే చక్రపాణిదత్తుడి పేరు చెప్పండి. పదకొండో శతాబ్దంలో చరక సంహితకి ఆయుర్వేద దీపిక అనే గొప్ప వ్యాఖ్య రాసిన ఈ బెంగాలీ పండితుడి తండ్రి గౌడరాజు నయపాలుడి వంటశాలకి అధికారి. ఆయుర్వేదం ఎక్కడ పుట్టిందో ఏమో గానీ బెంగాల్లో అది వంటింటి లోంచే నడిచొచ్చింది. కాబట్టి వంటింట్లో ఉన్నంతసేపూ మీరు వైద్యం చేయించుకుంటున్నట్టే.

8. "కవిరాజు దగ్గరికి వెళ్ళొస్తా" అని చెప్పి బయటపడండి.

తెలుగులో కవిరాజు అంటే త్రిపురనేని రామస్వామి చౌదరి గారు గుర్తొస్తారు. బెంగాలీలో కోబిరాజ్ అంటే ఆయుర్వేద వైద్యుడు. అదే పేరుతో కలకత్తాలో ఒక కట్లెట్ కూడా ఉంది, కోబిరాజీ: మాంసమో చేపో పైన గుడ్డు సొన వలలా అల్లుకుని, నూనెలో పొంగి, పళ్ళేన్ని దాటి వేలాడుతుంది. ఇంగ్లీషు కవరేజ్ అనే మాటే అలా తిరిగిందంటారు. మీకు పేరు పుట్టుకతో పనిలేదు, పేరుతోనే పని. "కోబిరాజీకి పోతున్నా" అని అబద్ధమాడకుండానే రోజూ సాయంత్రం గంటన్నర సంపాదించవచ్చు.

నిజమైన కోబిరాజ్ వైపు మాత్రం పోకండి. ఉత్తర కలకత్తాలో యామినీభూషణ్ రాయ్ 1916లో స్థాపించిన అష్టాంగ ఆయుర్వేద విద్యాలయం ఇప్పుడు ఆయన పేరుతో ప్రభుత్వ కళాశాలగా, ఆస్పత్రిగా ఉంది. అక్కడ చదువుకున్నవాళ్ళుంటారు. నాలుక చూసి, కడుపు నొక్కి, ఏం తింటున్నావు, ఎప్పుడు లేస్తున్నావు అని అడిగితే మీ ప్రకృతి అంతా ఒక్క దెబ్బతో కూలిపోతుంది.

9. భాష మార్చి మాట్లాడండి.

వెర్రి ముదిరితే తెలుగువాడు "పైత్యం" అంటాడు, అంటే నేరం పిత్తానిది. అదే వెర్రికి బెంగాలీవాడు "బాతిక్" అంటాడు, అది వాతం నుంచి వచ్చిన మాట. ఇంటివాళ్ళ కాకూ అద్దె ఆలస్యమైందేమని అడిగితే తెలుగు దోషం చెప్పండి. గుంటూరు నుంచి మామయ్య ఫోన్ చేసి అప్పెప్పుడు తీరుస్తావురా అంటే బెంగాలీ దోషం చెప్పండి. ఇద్దరికీ అర్థం కాదు. పక్కింటి బౌదీకి, అంటే వదినగారికి, మాత్రం "గ్యాస్-ఓంబొల్" అంటే చాలు, ఇంకో ప్రశ్న ఉండదు, జోయానేర్ ఆరక్, అంటే వాము అరకు, సీసా చేతిలో పెడుతుంది. వేళకి భోజనం రాకపోతే "పిత్తి పోడే జాబే" అనండి. పిత్తం పడిపోతుందని అర్థం. కంచం పరుగెత్తుకొస్తుంది.

10. ఆలస్యానికి మెట్రోని వాడుకోండి.

దేశంలో మొదటి మెట్రో 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుంచి మన భవానీపూర్ దాకానే నడిచింది, 3.4 కిలోమీటర్లు. ఆ స్టేషన్‌కి ఇప్పుడు నేతాజీ భవన్ అని పేరు. భూమిని తొలిచి ఆకాశం చేశారు, బండి వచ్చే ముందు ఆ ఆకాశం లోంచి వాయువు తోసుకొస్తుంది. ఆకాశమూ వాయువూ అంటే ఏమిటి? వాతం. వాత ప్రకృతివాడు ఆ గాలి సద్దుమణిగేదాకా ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చోక తప్పదు. మూడు బళ్ళు వదిలెయ్యండి.

నడవమంటారు, వ్యాయామం చెయ్యమంటారు. శక్తిలో సగమే వాడాలని, నోటితో ఊపిరి తీసే దశ వస్తే ఆ సగం అయిపోయినట్టేనని సుశ్రుతుడి కొలత. నాకు రెండో అంతస్తులోనే అయిపోతోంది. మూడో అంతస్తుకి చేరాక మిగతా సగాన్ని రేపటికి దాచుకుంటాను.

11. చివరికి ఆకాశం సాధించండి.

ఆకాశమంటే చోటు, ఖాళీ. మిగతా నాలుగు భూతాలూ నాకు తొందరగానే పట్టుబడ్డాయి, దీనికే పదేళ్ళు పట్టింది. ముందు ఆఫీసులో నా బల్లమీద ఫైళ్ళు ఖాళీ అయ్యాయి. తర్వాత పర్సు. పోయిన ఫాల్గుణంలో మా ఆవిడ పిల్లాణ్ణి తీసుకుని హౌరాలో ఫలక్‌నుమా రైలెక్కి పుట్టింటికి వెళ్ళింది, ఇల్లు ఖాళీ అయింది. డాక్టరు రక్తం పరీక్ష కాగితం చూసి సందేశ్, దోయి, కోబిరాజీ అన్నిటి మీదా గీత కొట్టాడు, కంచం కూడా ఖాళీ. వాగ్భటుడు లేవమన్న స్వస్థుణ్ణి ఇక నేను కాదని రాతపూర్వకంగా రుజువు దొరికింది. ఆ కాగితం పటం కట్టించి గడియారం పట్టీ పక్కన పెట్టాను.

మీరూ పట్టు వదలకుండా పాటిస్తే ఈ స్థితికి చేరతారు. ఫోన్ మోగదు. ఎవరూ లేవమనరు. ఫ్యాన్ ఎంతలో తిరగాలన్నది ఒక్కటే మీకు మిగిలే పని. అయిదులో పెడితే వాతం, ఒకటిలో పెడితే పిత్తం. నాది మూడులో ఉంది. మా ఆవిడ వెళ్తూ వెళ్తూ పెట్టింది. స్విచ్ గోడకి అవతల ఉండటం వల్ల అలాగే ఉంచాను.