అష్టాదశ నఖ పర్వం

భారతానికి 18 పర్వాలు. యుద్ధం 18 రోజులు. అందులో దిగిన సైన్యం 18 అక్షౌహిణులు. కుక్కకి గోళ్ళు కూడా 18. ముందు కాళ్ళకి ఐదేసి, వెనక కాళ్ళకి నాలుగేసి. ఇదేదో కాకతాళీయం అనేవాళ్ళు ఇంట్లో ఎన్నడూ కుక్కగోళ్ళు తీసినవాళ్ళయి ఉండరు. కొన్ని జాతులకి వెనక కాళ్ళకీ అదనపు గోళ్ళుంటాయి. పిరనీస్ కొండల్లో గొర్రెల్ని కాసిన గ్రేట్ పిరనీస్‌కైతే వెనక ఒక్కో కాలికి రెండేసి ఎక్కువ, వెరసి 22. దాన్ని పెంచేవాళ్ళు భారతంతో ఆగడానికి లేదు, హరివంశం కూడా పారాయణ చెయ్యాలి.

వీధి కుక్కకి ఈ బాధ లేదు. తెల్లవారగానే సిమెంటు రోడ్డెక్కుతుంది, స్కూటర్ల వెంట పడుతుంది, చెత్తకుండీ పక్కన నేల గీరుతుంది. గోళ్ళు వాటంతటవే అరిగిపోతాయి. చిక్కల్లా ఐదో అంతస్తులో ఏసీ కింద పడుకునే ల్యాబ్రడార్‌తో. దాని కాలికి తగిలేది అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్సు, లిఫ్టు, కింద లాన్‌లో మెత్తటి గడ్డి. వీటిలో ఏదీ గోరుని అరగదీయదు. పెరిగిన గోళ్ళు నేలకి తగిలి వేళ్ళని పైకి నెడతాయి. పాదం ఆనాల్సిన తీరు మారిపోతుంది, నడక తేడా కొడుతుంది, ముసలి కుక్కయితే టైల్సు మీద కాళ్ళు జారి చతికిలపడుతుంది. నిలబడ్డ కుక్క గోళ్ళు నేలకి తగలకూడదన్నది లెక్క. అది హాల్లోంచి వంటింట్లోకి వస్తుంటే టకటకమని చప్పుడు వినిపించిందంటే సమయం ఆసన్నమైనట్టే.

ఇంట్లో ఈ పని పెట్టుకోవాలంటే ముందు వారం కుదరాలి. మంగళవారం గోళ్ళు తీయకూడదు. శుక్రవారం అసలే కూడదు. దీపాలు పెట్టాక ఏ వారమైనా కూడదు. ఈ నియమాలు మనుషులకి గానీ కుక్కకెందుకు అంటే, “రాలేది మన నట్టింట్లోనే కదరా” అంటారు బామ్మగారు. ఆ మాటకి జవాబు లేదు. పైగా చీకట్లో తీయకూడదన్న నియమం కుక్క విషయంలో నూటికి నూరుపాళ్ళూ సబబు. కుక్కగోరు మన గోరులా పలచటి రేకు కాదు. గుండ్రంగా ఉంటుంది, లోపల పెన్సిల్లో ములుకులాగా నరమూ రక్తనాళమూ ఉన్న మెత్తటి కండ ఉంటుంది. గ్రూమర్లు దాన్ని క్విక్ అంటారు. తెల్లగోరైతే అది గులాబీరంగులో బయటికే కనిపిస్తుంది. నల్లగోరైతే ఏమీ కనిపించదు, దేవుడి మీద భారం వేసి కత్తిరించాలి. దేవుడి మీద నమ్మకం లేనివాళ్ళు చెక్కుతీసినట్టు కొద్దికొద్దిగా తీస్తూ, ప్రతిసారీ తెగిన ముఖం చూస్తూ పోవాలి. మధ్యలో ముదురు చుక్క తేలిందా, అక్కడితో చాలించాలి.

మనుషుల నెయిల్ కట్టర్ దీనికి పనికిరాదు. గుండ్రటి గోరుని అది తెంపకుండా నలుపుతుంది, నొప్పి పెడుతుంది. అందుకని పటకారులాంటి కట్టర్ కొంటారు. కొన్నాక అసలు ప్రశ్న వస్తుంది.

“ఏమండీ, నేను పట్టుకుంటాను, మీరు తీయండి.”

“కరిస్తేనో?”

“మన చిన్నోడు కరుస్తాడా, బంగారు కొండ!”

“అయితే నువ్వే తియ్యి, నేను పట్టుకుంటా.”

ఈ సంప్రదింపులు జరుగుతుండగానే సొరుగు చప్పుడు విన్న బంగారు కొండ మంచం కిందికి చేరిపోయి ఉంటుంది.

ఎప్పుడో ఒకప్పుడు క్విక్ తెగుతుంది. గోరంత గోరు, కొండంత రక్తం. ఇల్లాలు కాఫీపొడి డబ్బా కోసం పరిగెడుతుంది. తెలుగిళ్ళలో తెగినచోట కాఫీపొడి అద్దడం తరతరాల వైద్యమే గానీ ఇక్కడ వద్దు. కుక్క కాలు నాకకుండా ఉండదు, కెఫీన్ దాని ఒంటికి విషం. మొక్కజొన్న పిండి అద్ది కాసేపు గట్టిగా అదిమిపట్టుకుంటే సాధారణంగా రక్తం కడుతుంది. గ్రూమర్ల దగ్గర దీనికని స్టిప్టిక్ పౌడర్ ఉంటుంది. చాలావాటిలో ఉండేది ఫెర్రిక్ సబ్‌సల్ఫేట్ అనే ఇనుప లవణం. అద్దగానే చురుక్కుమంటుంది, రక్తం మాత్రం చప్పున ఆగుతుంది. అరగంటైనా ఆగకపోతే పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఇంతా అయ్యాక గ్రూమర్ దగ్గరికి తీసుకెళ్తే, ఇంట్లో ఉగ్రనరసింహుడైన కుక్క ఆయన బల్ల మీద యోగనరసింహుడై కూర్చుంటుంది. పెంచినవాళ్ళకి ఇది అవమానమే. కారణాలు మాత్రం మామూలివి. బల్ల ఎత్తుగా ఉంటుంది, పారిపోయే దారి ఉండదు. గుర్రానికి నాడా కొట్టేవాడిలా ఆయన కాలు వెనక్కి మడుస్తాడు గనక జరిగేది కుక్కకి కనపడదు. ఆయన చెయ్యి వణకదు. అన్నిటికీ మించి, “అయ్యో నా తల్లీ, అయిపోయిందమ్మా, అయిపోయింది” అని ఏడుపు గొంతుతో జోకొట్టేవాళ్ళు పక్కన ఉండరు. ఆ జోల విన్న ఏ కుక్కయినా ఏదో ఘోరం జరగబోతోందనే అనుకుంటుంది. అలాగని బల్ల మీద కదలని కుక్కలన్నీ హాయిగా ఉన్నట్టు కాదు. పెదాలు నాక్కుంటూ, తోక ముడిచి, కనుగుడ్ల తెల్లదనం కనిపించేలా పక్కచూపులు చూస్తోందంటే అది బిగుసుకుపోయింది. అది గమనించి కాసేపు ఆగే గ్రూమర్‌కి అడిగినంతా ఇవ్వొచ్చు.

అయితే గ్రూమర్ చేతిలో లేనిది ఒకటుంది. గోరు పెరిగేకొద్దీ లోపలి క్విక్ కూడా దాంతోపాటు ముందుకి సాగుతుంది. బాగా పెరిగిన గోరుని ఎంత మొనగాడైనా ఒక్క దఫాలో పొట్టి చేయలేడు. వారానికోసారి కొసలు కాస్త కాస్త తీస్తుంటే క్విక్ వెనక్కి తగ్గుతూ పోతుంది. రెండు నెలలకోసారి స్నానం, చెవులు, గోళ్ళు కలిపి ప్యాకేజీ చేయించేవాళ్ళకి ఇది సాగదు. వారం వారం పని ఇంటివాళ్ళ మెడకే చుట్టుకుంటుంది. ఈ వ్యాసకర్త ఓటు రోజుకి ఒక్క గోరుకే. పెరుగు నాకించి ఒకటి తీసి వదిలేస్తే, రేపు కట్టర్ చూసినా కుక్క మంచం కిందికి దూరదు.

డాలస్ నుంచి వచ్చే అబ్బాయి గ్రైండర్ తెస్తాడు. చెక్కా లోహమూ చెక్కే చిన్న యంత్రాలకి పేరుపడ్డ డ్రెమెల్ 1932లో విస్కాన్సిన్ రాష్ట్రంలో మొదలైన కంపెనీ. ఇప్పుడు కుక్కల కోసం విడిగా ఒక రకం అమ్ముతోంది. గోరుని కొయ్యకుండా అరగదీస్తుంది గనక క్విక్ తెగే భయం తక్కువ. కానీ ఒకేచోట ఆనించి ఉంచితే గోరు వేడెక్కుతుంది, కాలి వెంట్రుకలు చుట్టుకుంటాయి, ఆ ‘గుయ్’మనే మోతకి కొన్ని కుక్కలు గ్రైండర్ కంటే అబ్బాయి డాలస్‌లో ఉండటమే మేలనుకుంటాయి.

వీటన్నిటికీ విసిగినవాళ్ళకి ఇంకో దారి ఉంది. హార్డ్‌వేర్ కొట్లో ఎమరీ పేపర్ కొని ఒక చెక్కపలకకి అతికించి, దాన్ని గీరితే తాయిలం దొరుకుతుందని కుక్కకి నేర్పడం. తిండి అంటే ప్రాణమిచ్చే ల్యాబ్రడార్ ఇది త్వరగానే పట్టేస్తుంది. పలకని ఏటవాలుగా పట్టుకుంటే ముందు కాళ్ళ గోళ్ళు తనే అరగదీసుకుంటుంది, బిస్కెట్ల డబ్బా మాత్రం ఖాళీ అవుతుంది. నేలకి తగలకుండా పైన ఉండే ఐదో గోరు పలకకీ తగలదు. పట్టించుకోకపోతే అది వంకీ తిరిగి చర్మంలోకే దిగబడుతుంది. దాన్ని మనిషే తీయాలి. ఆ మాట ఎత్తగానే ఆయనకి ఆఫీసు కాల్ వస్తుంది, ఆవిడకి పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి, బామ్మగారు ఇవాళ ఏ వారమో కనుక్కోమంటారు.