చేపు

మా మిత్రుడి తండ్రి తెనాలి దగ్గరి పల్లెటూరి నుంచి ఆస్ట్రేలియాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌కు కొడుకు దగ్గరికి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. ఆయన విమానం దిగే ముందురోజే కోడలు ఫ్రిజ్‌లోంచి గుడ్లు తీసేసింది. బిస్కెట్ల పొట్లం మీద సన్న అక్షరాల్లో ఉన్న దినుసులన్నీ మనవరాలి చేత చదివించుకున్నాకే ఆయన ఒకటి నోట్లో వేసుకునేవారు.

2014 నాటి కేంద్ర ప్రభుత్వ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ పదిహేనేళ్ళు నిండినవాళ్ళలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలింది. మిగిలిన ఆ కాస్తమందిలో తానొకడినని పెద్దాయన నలుగురిలో చెప్పుకునేవారు. చెప్పుకోదగ్గదే. పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, చివరికి ఆసుపత్రి మంచం మీద కూడా తప్పని నియమం అది. ఒక ప్రాణిని చంపి నా పొట్ట నింపుకోను అనేవారు. ఆ మాట మనసారా అనేవారు.

పొద్దున్నే స్ప్రింగ్ లేక్ చుట్టూ నడక. అదే వీధిలో ఉంటున్న పల్నాడు కుర్రాడొకడు తోడు దొరికాడు. మిరప ధరలు, కాలవలకు నీళ్ళు, ఊళ్ళో ఎవరెవరు పోయారు, ఇవే కబుర్లు. ఒకరోజు పెద్దాయన ఉద్యోగం సంగతి అడిగారు.

“డిన్‌మోర్‌లో బాబాయి గారూ.”

డిన్‌మోర్ అక్కడికి కారులో ఇరవై నిమిషాలు. ఆస్ట్రేలియాలోకెల్లా పెద్ద బీఫ్ ప్లాంట్లలో ఒకటి అక్కడుంది. ఎముకల నుంచి మాంసం వేరు చేసే చోట కుర్రాడి పని.

మర్నాటి నుంచి పెద్దాయన ఆరింటి నడకను ఏడింటికి మార్చుకున్నారు.

ఆ ఆదివారం కుర్రాడు పెరట్లో పండిన గోంగూర తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళాడు. క్వీన్స్‌లాండ్ డిసెంబరు ఎండకు గోంగూర ఏపుగా వస్తుంది. ఎర్ర కాడల కట్ట, వేళ్ళకు ఇంకా తడిమట్టి. పెద్దాయన దాన్ని ముట్టుకోలేదు. పెరటి చెత్త వేసే పచ్చమూత డబ్బాలో పడేయమని కొడుక్కి చెప్పారు. కొడుకు పడేశాడు.

ఆ రాత్రి భోజనానికి నేనూ ఉన్నాను. మనవరాలు తొమ్మిదో తరగతి పిల్ల. ఆ ఏడాదే వీగన్ అయింది. పాలు, పెరుగు, నెయ్యి, అన్నీ మానేసింది. పెరుగన్నం లేకుండా చెయ్యి కడుక్కుని లేచిపోయే పిల్లను చూసి పెద్దాయనకు రోజూ ప్రాణం ఉసూరుమంటోంది. ఆ రోజు అడిగేశారు.

“పాలేం పాపం చేశాయమ్మా? దేన్నీ చంపక్కర్లేదు కదా.”

పిల్ల తన తెలుగులో నిదానంగా చెప్పింది. ఇక్కడి డెయిరీల్లో ఆవు ఈనగానే దూడను వేరు చేస్తారు. మగదూడ పాలివ్వదు కాబట్టి దాన్ని మేపడం నష్టం. వాటిని బాబీ కావ్స్ అంటారు. అయిదు రోజులు నిండితే లారీ ఎక్కించవచ్చని నిబంధన. నెల తిరక్కుండానే చాలావాటిని కబేళాకు పంపుతారు.

పెద్దాయన ముద్ద పళ్ళెంలో వదిలేశారు. చాలాసేపు మాట్లాడలేదు.

“రాక్షసులు. మన దగ్గర అలా ఎన్నడూ లేదు తల్లీ. గేదె ఊరికే పాలివ్వదు. ముందు దూడను వదలాలి. అది వెళ్ళి మూతితో పొదుగును కుమ్ముతుంది. తల్లి మెడ తిప్పి దాని వీపు నాకుతుంది. అప్పటిదాకా వాడిపోయినట్టున్న చన్నులు నిండి నిగనిగలాడతాయి. గేదె చేపిందీ అంటాం. అప్పుడు దూడను లాగి తల్లి కళ్ళెదురుగా కట్టేసి పిండుకోవాలి. మా నాన్న మూడు చన్నులు పిండి నాలుగోది దూడకు వదిలేవాడు. ఒకసారి పాలేరు ఆ నాలుగోది కూడా పిండేశాడు. వాణ్ణి ఆ పూటే పనిలోంచి తీసేశాడు. దూడ పొట్ట మాడ్చిన పాలు ఇంటికి అచ్చిరావు అనేవాడు.”

చెబుతూ కుడిచేతి బొటనవేలు మడిచి, గాలిలోనే పితికి చూపించారు. వేళ్ళు ఇంకా ఆ పని మరచిపోలేదు.

పిల్ల తినడం మానేసి వింటోంది. తాతయ్య గెలవాలని నా కంటే ఆ పిల్లకే ఎక్కువ ఆశగా ఉన్నట్టు అనిపించింది. పాత్రలోంచి ఒక గరిటె పెరుగు తీసి, వేసుకోకుండా చేతిలోనే పట్టుకుని అడిగింది.

“మగదూడ పుట్టినా అలాగే పెంచేవాళ్ళా తాతయ్యా?”

“పెంచేవాళ్ళం. వరిచేలో దమ్ము చెయ్యడానికి దున్నలు కావాలి కదా.”

“ట్రాక్టర్లు వచ్చాక?”

“ట్రాక్టర్లు వచ్చాక వాటితో పనేముంది? దాణా దండగ. ఏడాది తిరక్కుండా అమ్మేసేవాళ్ళం.”

“పొలానికి అక్కర్లేకపోతే మరి ఎవరు కొనేవాళ్ళు?”

కొడుకు మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. పెద్దాయన మాత్రం తడుముకోలేదు. మనవరాలి భయమేమిటో అర్థమైనట్టు ఆమె తల నిమిరి ధైర్యం చెప్పారు.

“వాళ్ళని మన గడప దాకా ఎన్నడూ రానివ్వలేదు తల్లీ. దూడల్ని మనమే ఊరి బయటికి తోలుకెళ్ళి, డబ్బు అక్కడే పుచ్చుకునేవాళ్ళం.”