గాలిగుడ్డకు సంజీవని

అవతారిక. అవసరం లేని మాట ఒక్కటీ రాయనని ఒట్టు పెట్టుకుని మరీ కాళిదాసుకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి మనవాడే, మెదక్ జిల్లా కొల్చారం వాడు. ఈ వ్యాఖ్యాత అలాంటి ఒట్టేదీ పెట్టుకోలేదు. మల్లినాథుడు మేఘదూతానికి సంజీవని అనే వ్యాఖ్య రాశాడు. మనకు మేఘం దాకా అక్కర్లేదు. రిమోట్‌తో ఎగిరే బొమ్మ విమానం, ఓ బీడు, బీట్లో ఓ కట్టె, కట్టెకో గుడ్డ చాలు. పద్యం కూడా వ్యాఖ్యాత సొంతమే కనుక పాఠభేదాల కోసం తాటాకులు తిరగేయనక్కర్లేదు.

మూలం (ఆటవెలది)

కొయ్యఁ గట్టు గుడ్డ కోరుట్ల బీటిలో
తోక చూపు దిక్కు తూర్పు గాన
ముక్కు పడమరకును మోపి పైకెత్తుము
విరుగకుండ నుండ వెదురు బొమ్మ

ప్రతిపదార్థం. కొయ్యఁ గట్టు గుడ్డ = కట్టెకు కట్టిన విండ్‌సాక్; పెద్ద మూతితో గాలిని మింగి చిన్న మూతితో వదిలే గొట్టం సంచి. కోరుట్ల బీటిలో = జగిత్యాల అనవచ్చు కదా, సిరిసిల్ల ఏం పాపం చేసింది అంటే, ‘కొయ్య’కు యతి కోరుట్లతోనే కుదిరింది. జగిత్యాల వారు ‘జండా’తో, సిరిసిల్ల వారు ‘చీర’తో ఎత్తుకుని వేరే పద్యాలు రాసుకోవచ్చు. వెదురు బొమ్మ = నిజానికి థర్మాకోల్‌ది. ఇదీ యతి కోసమే.

తాత్పర్యం. గాలికి ఎదురుగా లేపండి, ఎదురుగానే దించండి.

విశేషాలు. ఇక్కడ పూర్వపక్షి లేచి, “పొలాస పరిశోధన కేంద్రం రైతులకిచ్చే వాతావరణ బులెటిన్‌లో పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చే గాలి. వాతావరణ కేంద్రాల్లో తిరిగే బాణం మొన కూడా గాలి వచ్చే వైపే చూపుతుంది. మీ గుడ్డ తోక మాత్రం తూర్పు అంటోంది. ఏది ప్రమాణం?” అంటాడు. రెండూ ప్రమాణమే. బాణం గాలి పుట్టిల్లు చెబుతుంది, గుడ్డ తోక అత్తిల్లు చెబుతుంది. విమానం ముక్కు పుట్టింటి వైపు ఉండాలి. కొత్తవాళ్ళు తోక చూపిన వైపే పరుగెత్తిస్తారు. గంటకు 25 కిలోమీటర్ల గాలి రెక్కల మీదుగా పోతేనే లేచే బొమ్మ అనుకుందాం. 10 కిలోమీటర్ల ఎదురుగాలిలో అది నేల మీద 15తో లేస్తుంది. వెనుక గాలైతే 35 దాకా పరుగెత్తాలి. అంతలో బీడు అయిపోయి వరిమడి వస్తుంది. ముక్కలు ఏరుకోవడానికి మడిలో దిగితే రైతు చేసే వ్యాఖ్యానం మల్లినాథుడికి కూడా అందదు.

గుడ్డ ఎంత ఉండాలి? విమానాశ్రయాలకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ చెప్పిన కొలత పొడవు కనీసం 3.6 మీటర్లు, పెద్ద మూతి 0.9 మీటర్లు. అది చూసి అంతే సంచి కుట్టించే భక్తులున్నారు. వ్యాఖ్యాత ఒప్పుకోడు. అలాంటి సంచి పూర్తిగా అడ్డంగా చాచుకోవడానికి 15 నాట్ల గాలి కావాలి, అంటే గంటకు సుమారు 28 కిలోమీటర్లు. కిలో బరువు బొమ్మను బోర్లా పడేసే పిల్లగాలికి అది తోకైనా ఆడించదు. మోచేయంత సన్న సంచి, లేదా గట్టి రిబ్బను మేలు. వెనుకటి రిమోట్లకు పొడవాటి యాంటెన్నా ఉండేది. దాని కొనకు రిబ్బను కట్టుకుంటే గాలి కంటి ముందే ఆడేది. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్ల యాంటెన్నా చిటికెన వేలంతే. రిబ్బనుకు చోటు పోయింది, కట్టెకు విలువ పెరిగింది.

సిరిసిల్ల పాఠాంతరం: ‘గుడ్డ’ అన్నచోట ‘పాలిస్టర్’ అని చదవాలి. 2017 నుంచి బతుకమ్మ చీరలు నేసిన మరమగ్గాల ఊరు కనుక వారి మాట కొట్టేయలేం. పైగా న్యాయమైన మాట. నూలు వానకు తడిసి బరువెక్కి వేలాడుతుంది. పాలిస్టర్ నీళ్ళు పెద్దగా పీల్చదు, ఎండకు నైలాన్ కంటే ఎక్కువ కాలం ఓరుస్తుంది. ఎన్నికల జెండా మిగిలితే కట్టుకోవచ్చా? దిక్కు మటుకు చెబుతుంది, గాలి ఎటో చూసి అటు తిరగడం దానికి అలవాటే. వేగం చెప్పదు. సంచి ఎంత కోణంలో లేచిందన్నదే వేగం లెక్క.

కట్టె పాతే చోటు గురించి పద్యం మౌనం వహించింది. చింతచెట్టు పక్కన పాతితే గుడ్డ గాలి సంగతి చెప్పదు, చెట్టు సంగతి చెబుతుంది. అడ్డం ఎంత ఎత్తుంటే దానికి పదింతల దూరం జరగమన్నది వాతావరణ శాస్త్రం గాలి కొలతకు పెట్టుకున్న నియమం.

ఇక మే నెల మిట్టమధ్యాహ్నం. గుడ్డ చచ్చినట్టు వేలాడుతుంది. అంతలో దక్షిణానికి లేస్తుంది, అర నిమిషానికి ఉత్తరానికి. కాలిన నేల మీది వేడిగాలి స్తంభంలా పైకి లేస్తుంటే చుట్టూ ఉన్న గాలి దాని మొదట్లోకి దూరుతుంది. తోక చూపేది ఆ స్తంభం వైపు. మోటారు లేని గ్లైడర్ ఎగరేసేవారికి అది పండుగ. పైన గద్దలు రెక్కలాడించకుండా తిరుగుతుంటే అన్వయం ఖాయం. మోటారు బొమ్మ తెచ్చినవారికి మాత్రం నాలుగు పాదాల్లో ఒక్కటీ పనికిరాదు; దుమ్ము సుడి తిరగడం కనబడితే బొమ్మను డిక్కీలోంచి తీయకండి, సాయంత్రం నాలుగు దాటాక చూద్దాం.