ఆర్‌ఎమ్మెస్సన్న

“పీఎంపీఓ ముచ్చట నాకు చెప్పకు తమ్మీ. ఆర్‌ఎమ్మెస్ ఎంతనో చెప్పు.”

ఈ మాట మీ వెనకనుంచి వినబడిందంటే మీరు జనగామలోనో, మానుకోటలోనో, భూపాలపల్లిలోనో ఓ ఎలక్ట్రానిక్స్ దుకాణంలో నిలబడి ఉన్నారన్నమాట. చేతిలో స్పీకర్ల డబ్బా ఉంది. బేరం దాదాపు తెగింది. ఇక తెగదు.

ఆయనకు ఆ దుకాణంతో ఏ సంబంధమూ లేదు. రిమోట్ సెల్లుల కోసం వచ్చాడు. వచ్చి గంటయింది. యాభై దాటిన మనిషి, చొక్కా జేబులో పెన్నుండాల్సిన చోట టెస్టరుంటుంది. జనగామలో ఆయన బడిపంతులు, మానుకోటలో రైల్వే ఉద్యోగి, భూపాలపల్లిలో సింగరేణి ఎలక్ట్రీషియను. కొలువు మారుతుందేగాని మనిషి ఒక్కడే. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాను విడగొట్టి ఈ మూడూళ్లనూ మూడు జిల్లాల కేంద్రాలుగా చేసినవాళ్లు కూడా ఈయన్ని మాత్రం విడగొట్టలేకపోయారు.

అసలు పేరు రేషన్ కార్డు మీదే మిగిలింది. ఊరికంతటికీ ఆయన ఆర్‌ఎమ్మెస్సన్న. ఓసారి ఒక ముసలాయన “ఆర్‌ఎమ్మెస్సంటే రైలు టేషన్ల ఉత్తరాలు ఏరే ఆఫీసు గాదు బిడ్డా?” అని అడిగాడు. అన్న నొచ్చుకోలేదు. “గది వేరే బాపూ” అని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయేదాకా చెప్పాడు.

స్పీకర్ల లెక్కలో ఆర్‌ఎమ్మెస్సంటే సెట్టు ఆగకుండా ఇవ్వగల వాట్లు. పీఎంపీఓ మీద అన్నకున్న కోపంలో న్యాయం ఉంది. రెప్పపాటు కాలం మాత్రం వెలువడే అవకాశమున్న శక్తికి చేతికొచ్చినంత కలుపుకుని డబ్బా మీద అచ్చేసిన అంకె అది. దానికి అందరూ ఒప్పుకున్న లెక్కంటూ లేదు. అందుకే అరచేయంత స్పీకర్లున్న సెట్టు మీద కూడా వేల వాట్లు కనబడేవి. అన్న ఆ అంకెతో వాదన పెట్టుకోడు. డబ్బా వెనక్కి తిప్పి వైరు పట్టుకుంటాడు.

“రెండు వేల వాట్లంటివి. 230 ఓల్టుల మీద తొమ్మిది ఆంపియర్లకు దగ్గర గుంజాలె. గీ ప్లగ్గేమో ఆరు ఆంపియర్లది. గంత కరెంటు తాగే వాటర్ హీటరుకు పదహారు ఆంపియర్ల ప్లగ్గు పెట్టుకుంటం. దీనికి గీ సన్నపు వైరేందే?”

“అన్నా, నీకు సెల్లులు పెద్దయా, సన్నయా?” అంటాడు దుకాణదారు.

ఇంతకీ కొనే పిల్లాడు అడిగింది చిన్న ప్రశ్న. కంప్యూటర్ స్పీకర్లు తీసుకోవాలా, చిన్న సైజు హోం థియేటర్ తీసుకోవాలా? దుకాణదారు దగ్గర దీనికి సూటి జవాబుంది: ఏది ఎక్కువ స్టాకుంటే అది. అన్న దగ్గర ఎదురు ప్రశ్నలున్నాయి.

“ఎంత దూరంల కూసుంటవ్?” అన్నది మొదటిది. కంప్యూటర్ స్పీకర్లు బల్ల మీద పెట్టుకుని రెండు మూడడుగుల దూరంలో కూర్చుని వినడానికి చేసినవి. దూరం రెట్టింపైన ప్రతిసారీ చప్పుడు ఆరు డెసిబెల్స్ పడిపోతుంది. మూడడుగుల కుర్చీలోంచి లేచి పన్నెండడుగుల దూరపు మంచం మీదికి పోతే పన్నెండు డెసిబెల్స్ పోయినట్టే. వాటిని తిరిగి రాబట్టాలంటే పదహారు రెట్ల వాట్లు కావాలి. ఇంట్లో గోడల పుణ్యాన నష్టం ఇంత ఉండదుగాని, అన్న గోడల పుణ్యాన్ని లెక్కలోకి తీసుకోడు. “ఇరవై వాట్లు ఈడ మస్తు. ఆడికి పోతివా, మూడు వందల ఇరవై గావాలె” అంటాడు. ఆ పిల్లాడు ఆ పూటకు మంచం జరుపుకుందామన్న నిర్ణయానికొస్తాడు.

అన్నతో నాకో తగువుంది, ఇక్కడే చెప్పేస్తాను. ఆయన నలభై వాట్లకూ యాభై వాట్లకూ మధ్య కోర్టుకెక్కేంత పోరాడతాడు. వాట్లు రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్స్. చెవికి చప్పుడు రెండింతలనిపించాలంటే వాట్లు సుమారు పదింతలు కావాలి. నలభైకీ యాభైకీ తేడా చెవికి అందేదే కాదు. అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది: ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ పలుకుతుంది? దాన్ని సెన్సిటివిటీ అంటారు. అందులో మూడు ఎక్కువుంటే సగం వాట్లతోనే పని నడుస్తుంది. ఈ మాట అన్నతో అంటే “గది డబ్బా మీద రాయరు గదా” అన్నాడు. మరి ఆర్‌ఎమ్మెస్ మాత్రం అన్నిటి మీదా రాస్తున్నారా ఏమిటి!

రెండో ప్రశ్న, “అర్ర ఎంత?”

మానుకోట దగ్గరి పల్లెలో మిర్చి కలిసొచ్చి కొత్తగా స్లాబు ఇల్లు కట్టుకున్న ఓ రైతు “పదికి పది, ఎత్తు గూడ పదే” అన్నాడు సంబరంగా. అన్న తల పట్టుకున్నాడు. పొడవూ వెడల్పూ ఎత్తూ మూడూ పదడుగులైతే మూడు దిక్కుల్లోనూ ఒకే స్వరం, సెకనుకు 56 సార్లు అదిరేది, గోడల మధ్య చిక్కుకుని ఉబ్బిపోతుంది. గోడల దగ్గర మోతెక్కుతుంది, నట్టనడుమ దాదాపు మాయమవుతుంది. “అంటే ఏందన్నట్టు? పైసలు పెట్టినోడు నడిమిట్ల కుర్చీ ఏసుకుంటె వానికి ఇనరాదు. గోడ పొంటి పండుకున్నోళ్లకు నిద్ర రాదు.” ఏటవాలు కప్పూ, అటక నిండా బొంతలూ ఉన్న పాత పెంకుటింట్లోనే పాట బాగుండేదని ఆయన అభిప్రాయం. కొత్తింటి గృహప్రవేశం నాడు ఆ అభిప్రాయం చెప్పకుండా ఉంటే బాగుండేది.

విరుగుడు కూడా అన్న దగ్గరుంది. ఆయన కల్పన కాదు, లోకంలో స్పీకర్ల పిచ్చి పట్టినవాళ్లంతా చేసేదే. వూఫర్‌ను మనిషి కూర్చునే చోట పెట్టాలి. మనిషి గోడ వెంబడి నేల మీద పాకాలి. ఎక్కడ బేసు చక్కగా వినబడుతుందో అక్కడికి వూఫర్‌ను మార్చాలి. పలికే చోటూ వినే చోటూ తారుమారైనా చెవికి అందేది ఒకటే కాబట్టి శాస్త్రం ఒప్పుకుంటుంది. ఆ సాయంత్రం కిటికీలోంచి చూసినవాళ్లకు కనబడింది ఇదీ: సోఫా మీద నల్లడబ్బా దర్జాగా కూర్చుని డప్పు మోగిస్తోంది. లుంగీ ఎగగట్టిన ఇంటాయన మోకాళ్ల మీద పాకుతున్నాడు. వెనకాల టేపు పట్టుకుని ఆర్‌ఎమ్మెస్సన్న పాకుతున్నాడు. ఆయన వెనక, ఎందుకో తెలియకపోయినా, మనవడు పాకుతున్నాడు. పక్కింటి వదినె ఉరికొచ్చి “కమ్మ వోయిందా?” అంటూ తానూ వంగి వెతకడం మొదలుపెట్టింది.

చివరికి చోటు దొరికింది. ఈశాన్యం మూల, దేవుడి గూటి కింద.

“ఆడ పెట్టుడు గాదు” అంది ముసలమ్మ.

“గట్లగాదు అవ్వా, యాభై ఆరు హెర్ట్జులు...”

“ఎంతమందన్న రానీ. ఈశాన్యంల బరువు పెడ్తరా ఎవలన్న?”

వూఫర్ ఆగ్నేయానికి పోయింది. బేసు మాత్రం ఈశాన్యంలోనే ఉండిపోయింది.

ఇక మిగిలిన పిన్నుల సంగతి కొంచెం చిన్నది. కంప్యూటర్ల కోసం చేసిన చాలా 5.1 సెట్లకు మూడు వైర్లొస్తాయి: పచ్చది ముందరి రెంటికి, నల్లది వెనక రెంటికి, నారింజది నడిమిదానికీ వూఫర్‌కూ. సినిమాలో ఉన్న ఆరు దారుల శబ్దాన్ని విడదీసే పని కంప్యూటర్‌ది. అదే సెట్టు తెచ్చి టీవీ హెడ్‌ఫోన్ రంధ్రంలో గుచ్చితే వచ్చేవి రెండే దారులు. మిగిలిన డబ్బాలు చాయ్ తాగడానికొచ్చిన చుట్టాల్లా ఊరికే కూర్చుంటాయి, లేదంటే ముందరివి అన్నదే వెనకనుంచి అంటాయి. హోం థియేటర్ సెట్టులో ఆ విడదీసే యంత్రం డబ్బాలోనే ఉంటుంది, అసలు తేడా అదీ. అయితే మన ఊళ్ల దుకాణాల్లో ఈ తేడాకు విలువ లేదు. రిమోటూ, పెన్‌డ్రైవ్ పెట్టే రంధ్రమూ, నీలం లైటూ ఉంటే అది హోం థియేటర్. లేకుంటే కంప్యూటర్ స్పీకర్లు. నాలుగు స్పీకర్లున్న 4.1 సెట్లు చాలావాటిలో నాలుగూ పాడేది రెండు గొంతుల పాటే. ఈ రహస్యం అన్న పదిమందిలో బయటపెట్టినప్పటినుంచీ ఆ దుకాణంలో ఆయనకు చాయ్ చెప్పడం మానేశారు.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందంటే కుండలో. సబ్ వూఫర్ పేరు తెలియని రోజుల్లో స్పీకరును కుండ మూతి మీద బోర్లించేవాళ్లు. కుండలో గాలి ఊగి, సన్నగా పలికే స్పీకరు కూడా గంభీరంగా పలికేది. ఇప్పటి వూఫర్ డబ్బాకు పక్కన రంధ్రం ఉంటుందే, అది చేసేదీ ఆ పనే. కుర్రతనంలో అన్న గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాదులో దిగి, కోఠి గుజరాతీ గల్లీలో 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు, 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కొచ్చి సొంతంగా ఆంప్లిఫయర్ బిగించాడు. కుండ మాత్రం వాళ్లమ్మది. పచ్చళ్లు పెట్టే రోజున కుండ కనబడక ఆమె ఇల్లంతా గాలిస్తుంటే, అది మేడ మీద పాడుతోంది.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి, కోఠి పోయి పారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్ వచ్చింది. అక్కడ గాజు అరలో బోస్ వారి పిడికిలంత స్పీకర్లు చూసి అన్న చాలాసేపు కదల్లేదట. పాటలోని సన్నస్వరాలను చిన్న డబ్బాలకిచ్చి, లావుస్వరాలను ఎక్కడో దాచిపెట్టిన పెట్టెకిచ్చే ఆ ఉపాయాన్ని బోస్ కంపెనీ 1987లో అకౌస్టిమాస్ పేరుతో ఇళ్లకు తెచ్చింది. ఆ కంపెనీ పెట్టిన అమర్ బోస్ తండ్రి బెంగాల్ విప్లవకారుడు, తెల్లవాళ్ల కన్నుగప్పి అమెరికా చేరాడు. “సుభాష్ చంద్రబోసుకు ఏమైతడన్నా?” అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. “ఏం గాడు” అంటాడు అన్న, కొంచెం బాధగానే.

ఆ ఉపాయాన్ని చవగ్గా చేసిన సెట్ల మీద ఆయన ఫిర్యాదు మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం. డబ్బాలు మరీ చిన్నవైతే మగగొంతులోని లావంతా వూఫర్ నెత్తినే పడుతుంది. హీరో ముఖం టీవీలో ఉంటుంది, గొంతు బీరువా పక్కనుంచి వస్తుంది.

భూపాలపల్లిలో అన్నకు దసరా సీజను. సింగరేణి లాభాల వాటా చేతికందే రోజులు. ఇల్లిల్లూ తిరిగి కొత్త సెట్లు పరీక్ష చేస్తాడు. ఓ మధ్యాహ్నం ఒకింట్లో వూఫర్ పెంచగానే కిటికీ అద్దాలు గలగలలాడాయి, అరలో గ్లాసులు జరిగాయి. ఇంటాయన మురిసిపోయి “సూసినవా అన్నా, ఎట్లున్నది నా వూఫర్?” అన్నాడు. అన్న సెట్టు ఆపేశాడు. అద్దాలు ఇంకా ఆడుతున్నాయి.

“గది నీది గాదు తమ్మీ. ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగ్.”

ఊరుకున్నాడా? లేదు. గని పేలుడుతో ఇళ్లు ఎంత అదరవచ్చో గనుల భద్రతా శాఖ హద్దులు పెట్టిందని, ఆ హద్దులకు 8 హెర్ట్జులు, 25 హెర్ట్జుల దగ్గర మెట్లున్నాయని, “నీ డబ్బ యాభై దాటి కిందికి దిగలేదు, బాయి ఎనిమిది కాడ ఆడుతది” అని వివరించాడు. ఇంటాయన సెట్టు కొన్న ఆనందం అక్కడితో సరి. ఆ రోజునుంచీ ఆయన గనితో పోటీ పడే వూఫర్ కోసం వెతుకుతున్నాడు.

ఇన్నేళ్లలో అన్న ఒక్క పాటైనా చివరిదాకా విన్నాడా అంటే అనుమానమే. ఆయన వినేది స్పీకర్లను. 2009లో ‘అరుంధతి’ వచ్చినప్పటినుంచీ వెనక స్పీకర్ల పరీక్షకు ఆ డిస్కే వాడుతున్నాడు. ఎక్కడ తలుపు కిర్రుమంటుందో, ఏ అరుపు ఏ మూలనుంచి రావాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కథలో చివరికేమవుతుందని అడిగారు ఓసారి. “దాంట్ల బేసు తక్కువ” అన్నాడు.

అన్న ఇంట్లో ఐదు స్పీకర్లూ ఉన్నాయి. ఆయన భార్య, మా వదినె, సీరియల్ చూసేటప్పుడు నడిమిది ఒక్కటుంచి తక్కినవి ఆపేయమంటుంది. సీరియల్‌కు వచ్చేది రెండు దారులేనని, నడిమి గొంతు యంత్రం ఊహించి తయారుచేసేదని అన్న చెబుతూనే ఉంటాడు. “ఊహించనీ. అత్త తిట్టేది సక్కగ ఇనొస్తె సాలు” అంటుంది ఆమె.

మొన్న హైదరాబాదులో ఉండే కొడుకు సౌండ్‌బార్ పంపించాడు. ఒక్క కర్ర, ఒక్క వైరు. వదినెకు నచ్చింది, అత్త గొంతు స్పష్టంగా ఉంది. రెండో రోజు ఆమె పొరుగింటికి పోయి వచ్చేసరికి సౌండ్‌బార్ మంచం మీద వెల్లకిలా ఉంది, స్క్రూలు కంచంలో ఉన్నాయి. అన్న కొడుకుతో ఫోన్‌లో ఉన్నాడు.

“రెండున్నర ఇంచులయి రా, అన్నీ రెండున్నర ఇంచులే! గా డబ్బ మీదున్న వాట్లు దీంట్ల యాడికెళ్లి వచ్చినయో నువ్వే చెప్పు...”

వదినె కంచం జరిపి గోడ గడియారం చూసింది.

“ఎనిమిదింటికి సీరియలున్నది. అప్పటిదాంక బిగిస్తె బిగించు. లేకుంటె ఆ అత్త తిట్లు నువ్వే సదివి ఇనిపియ్యాలె.”