ఊళ్లకు పేర్లు పెట్టు అధికారివారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ ఊళ్లకు పేర్లు పెట్టు అధికారివారి దివ్యసముఖమునకు, తిరుపతి పురవాసియగు ఒక ప్రయాణికుడు అనేక నమస్కారములు చేసి వ్రాసికొను విన్నపము.

తమ కార్యాలయమునకు పేరుపలక గాని, గుమాస్తా గాని, తపాలాపెట్టె గాని లేనందువలన ఈ లేఖను పదిమంది కంటబడునట్లు వ్రాయవలసి వచ్చినది. క్షమింతురుగాక.

మొన్నటి వైశాఖమున మా మేనకోడలి వివాహము చిత్తూరులో జరిగెను. వధువును బుట్టలో కూర్చుండబెట్టి మంటపమునకు మోసికొని పోవలసినవాడు మేనమామయే గనుక, ఆ బుట్ట బరువును తలచికొనుచు తెల్లవారకమునుపే బస్టాండు చేరితిని. అచ్చట ఒక బస్సు వాకిట నిలిచి కండక్టరు "త్తూర్, త్తూర్, త్తూర్" అని ఎలుగెత్తి పిలుచుచుండెను. మొదటి అక్షరము జనుల రొదలో కలిసిపోయినదో, నిద్రలేని ఆ కంఠములోనే చిక్కుపడినదో గాని, నా చెవి తనకు కావలసిన "చి"ని తానే చేర్చుకొని నన్ను కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టెను. "చిత్తూరొకటి" అని నేనంటిని, "పుత్తూరొకటి" అని ఆయన వినెను, ఇరువురమును సంతుష్టులమైతిమి. టికెట్టును చదువకయే జేబులో వేసికొని కునుకు తీసితిని.

కన్ను తెరచునప్పటికి, చంద్రగిరి కోటకొండ కనబడవలసిన తావున వడమాలపేట కనబడెను. ప్రక్కసీటులో ఒక అవ్వ, తువ్వాలుతో మెడకు వ్రేలగట్టిన మనుమని చేతిని తన ఒడిలో ఆనించుకొని, నన్ను ఆపాదమస్తకము పరిశీలించి, "ఏం నాయనా, నీకు యాడ ఇరిగింది?" అని జాలిగా అడిగెను. పసరు, కోడిగ్రుడ్డు, వెదురుబద్దలు, గుడ్డపీలికలు చేర్చి ఎముకలకు వేయు పుత్తూరు కట్టు పొరుగు రాష్ట్రములవారు సైతము ఎరిగినది గావున, ఆ బస్సులో కూర్చున్నవానికి ఏదో ఒకటి విరిగియుండవలెనని ఆమె తలచుటలో తప్పులేదు. "ఏమీ విరుగలేదవ్వా, నేను చిత్తూరు పోవలెను" అనగా, "అయ్యో, ఇది పుత్తూరు పోతాది గదప్పా!" అని బస్సంతయు వినునట్లు ప్రకటించెను.

అంతట బస్సులోనివారందరును నాకు బంధువులైరి. దిగి మరల తిరుపతికి పొమ్మని ముందు సీట్లవారును, పుత్తూరు పోయి కార్వేటినగరము మీదుగా చిత్తూరు చేరుమని వెనుక సీట్లవారును వాదింపసాగిరి. "ఎనక్కి పోతే పొద్దు పోతాది సామీ, పుత్తూర్లో బస్సు దొరుకుతాది" అని కండక్టరు తీర్పు చెప్పెను. ఆ మాటయే శిరోధార్యమని పుత్తూరులో దిగి నిలుచుండగా, వచ్చిన మొదటి బస్సువాడు "నెల్లూరు, నెల్లూరు" అని కేకవేసెను. పెన్నయొడ్డున పెండ్లిలేదని దానిని విడిచిపెట్టితిని. అది చిత్తూరు ముంగిటనున్న గంగాధర నెల్లూరు మీదుగా చిత్తూరే పోవునని తెలియునప్పటికి అది మలుపు తిరిగినది. రెండవ బస్సులో, సారంగపాణి పదములు పుట్టిన కార్వేటినగరము గుండ పోవుచున్నను, ఒక్క పదమైన స్మరణకు రాలేదు, కన్నులయెదుట బుట్టయే. నేను చేరునప్పటికి దానిని పెండ్లికూతురి పినతండ్రి మోసియుండెను. ఆ మాట మా అక్క నేటికిని మరువలేదు.

బస్సు కథ ఇంతతో ముగియును గాని రైలు కథ ఇంత సులభము కాదు. రేణిగుంట జంక్షనులో కోడూరు దారి ఒకటి, గూడూరు దారి ఒకటి. మామండూరు, బాలపల్లె మీదుగా కోడూరు పోవలసినవాడు ఏమరుపాటున గూడూరు బండి ఎక్కినయెడల శ్రీకాళహస్తిలో తేలును. రాహుకేతు పూజకు ప్రసిద్ధికెక్కిన క్షేత్రము గనుక అట్టివానికి తగిన తావే. కాని నడుమ టికెట్టు తనిఖీ యున్నది. 1989 నాటి రైల్వే చట్టము 138వ సెక్షను ననుసరించి, సరియైన టికెట్టు లేనివాడు ఛార్జీతోపాటు అంతే మొత్తమును, లేదా 250 రూపాయలను, ఏది హెచ్చైన దానిని అదనముగా చెల్లింపవలెను. భయపడి గొలుసు లాగినచో, తగిన కారణము లేదని తేలినంతనే, 141వ సెక్షను క్రింద ఏడాదివరకు ఖైదు, లేదా వేయి రూపాయలవరకు జుర్మానా, లేదా రెండును. రైల్వే ఉద్యోగి వలన అనుమతిపత్రము పొందినవానికి అదనపు రుసుము లేదని ఆ చట్టమే దయచూపినది. తప్పుబండి ఎక్కబోవుచున్నానని ముందే ఎరిగి పత్రము పుచ్చుకొనునంతటి ప్రాజ్ఞుని మాత్రము నేనింతవరకు చూడలేదు. కావున వచ్చు స్టేషనువరకు చేతులు కట్టుకొని కూర్చుండి, టి.టి. గారు అడుగకమునుపే తప్పు చెప్పుకొనుటయే మేలు.

ఇక తమ సంగతి. చిఱుత ఊరు గనుక చిత్తూరనియు, పుట్టల ఊరు గనుక పుత్తూరనియు పెద్దలు చెప్పుదురు; "ఊరు" అనుమాట తెలుగు, తమిళ, కన్నడముల ఉమ్మడి సొత్తనియు ఎరుగుదును. సొత్తు ఉమ్మడియైనంతమాత్రాన ఇట్లు విచ్చలవిడిగా పంచిపెట్టవలెనా? 1911లో చిత్తూరు జిల్లాను కూర్చిరి. 2022 ఏప్రిల్‌లో దానినుండి తిరుపతి జిల్లాను విడదీసిరి. గీతలెన్ని మారినను "త్తూరు" మారలేదు. ప్రజలే తమకన్న నయము: కోడూరునకు ముందు "రైల్వే" తగిలించి రైల్వే కోడూరనిరి, గంగాధర నెల్లూరును జీడీ నెల్లూరుగా కత్తిరించుకొనిరి. పాతపేర్లు మార్పుమని నేనడుగను. మార్చినచో పెండ్లిపత్రికలన్నియు మరల అచ్చువేయవలెను. బస్టాండులలో పిలుచువారు తుది అక్షరమును వదలివేసినను సరే, మొదటి అక్షరమును మాత్రము మ్రింగరాదని ఒక్క ఉత్తర్వు దయచేయింపుడు. "చి, చి, చి" అని పిలిచిరేని కొంత అమర్యాదగా వినబడును గాని, చిత్తూరు చేరుదుము.

ఇట్లు, తిరుపతినుండి చిత్తూరునకు పుత్తూరు మీదుగా పోయిన తమ విధేయుడు.

తాజా కలము: మేనకోడలి అత్తవారిల్లు కోడూరు. వచ్చు నెల మామిడిపండ్లకు రమ్మని కబురంపినారు. అంతలోపల తమ ఉత్తర్వు వెలువడనియెడల, గూడూరు స్టేషనులో నన్ను దింపుకొని వెనుకకు పంపుటకు ఎవరినైన ఒకరిని నిలిపియుంచవలెనని ప్రార్థన.